తమ్ముడి గురించి ఒక్క వాక్యమేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 29 ఏళ్లు. బటర్‌ఫ్లై ఈతలో దేశం తరఫున ఏడుసార్లు విదేశాల్లో ఈదాను. భుజం గాయంతో నిరుడు రిటైరయ్యాను. ఆటల కోటాలో ఉద్యోగముంది కానీ ఫైళ్ల ముందు కూర్చుంటే పిచ్చెక్కుతోంది. అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 2012లో రిటైరై, మళ్లీ వచ్చి 2016 రియో ఒలింపిక్స్‌లో ఐదు స్వర్ణాలు గెలిచాడు కదా, నేనూ ప్రయత్నించనా? మిగిలిన తోట అమ్మైనా పంపుతానంటున్నారు నాన్న. కువైట్ నుంచి వచ్చిన తమ్ముడు మాత్రం ఎందుకో సరిగా మాట్లాడటం లేదు.

జవాబు: మళ్లీ ఈదాలా వద్దా అన్నది నీ భుజం చూసిన డాక్టరు చెప్పాలమ్మా, నేను కాదు. ఫెల్ప్స్ తిరిగొచ్చి గెలిచాడు. ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థార్ప్ కూడా తిరిగొచ్చాడు, లండన్ ఒలింపిక్స్ జట్టులో చోటే దొరకలేదు. ఫైళ్లంటే అంత చిరాకెందుకు? మన ఈతగాడు వీర్‌ధవల్ ఖాడే తహసీల్దారుగా ఉంటూనే 2018 ఆసియా క్రీడల్లో ఈదాడు, సెకనులో వందోవంతు తేడాతో కాంస్యం పోయింది. నీ ప్రశ్నకి ఇంతే.

నీ ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. నీ టైమింగులన్నీ ఉన్నాయి. తమ్ముడికి చివర్లో ఒక్క వాక్యం, అందులోనూ ఒక 'ఎందుకో'. నిజంగానే తెలియదా? రెండో పేజీలో నువ్వే రాశావు, నాన్న నీ నడుముకి ఎండు కొబ్బరికాయల జత కట్టి కాలువలో దింపితే, తమ్ముడు ఆయన వాచీ పట్టుకుని రేవు నుంచి లాకుల దాకా గట్టు వెంట పరిగెత్తేవాడని. నీ 18వ ఏట బెంగళూరు శిక్షణకి ఎకరం తోట అమ్మారని ఒకచోట రాశావు. అదే ఏడాది తమ్ముడు పాలిటెక్నిక్ మానేశాడని ఇంకోచోట. ఈ రెండూ నువ్వు కలిపి చూడలేదు. అతను పదకొండేళ్లుగా కలిపే చూస్తున్నాడు.

ఎకరం కొబ్బరితోటంటే కాయలు దింపిన ప్రతిసారీ ఇంట్లోకొచ్చే డబ్బు. అది నీ కోచింగుకి పోయింది, అతని ఫీజు ఆగిపోయింది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీ తప్పు లేదు. ఇప్పుడు మిగిలిందీ అమ్ముతానని నాన్నగారంటే విని ఊరుకున్నావు చూడు, అది మాత్రం నీ తప్పే. కువైట్‌లో ఎండకి మాడి వచ్చిన కుర్రాడు ఆ మాట చెవిన పడ్డాక నీతో నవ్వుతూ ఎలా మాట్లాడతాడు?

ఫెల్ప్స్‌లా చేస్తానంటే పూర్తిగా చెయ్యి. 2014లో తాగి కారు నడిపి పట్టుబడ్డాక చికిత్సా కేంద్రంలో చేరాడు. ఏళ్ల తరబడి దూరమైన తండ్రిని అక్కడికే పిలిపించుకుని మాట్లాడాడు. రియో ఆ తర్వాతే.

ఆడపిల్ల వాటా వదులుకోవాలని నేను ఏనాడూ రాయలేదు, రాయను. 'కట్నం ఇచ్చాంగా' అంటూ అక్కచెల్లెళ్ల చేత సంతకాలు పెట్టించుకునే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ నీ వాటా నీకు ముందే అందింది, స్విమ్మింగ్ పూల్లో ఖర్చయింది. మిగిలింది తమ్ముడిదని నాన్నగారితో నువ్వే చెప్పు, అతని ఎదుటే. డబ్బు కవర్లో పెట్టి మాత్రం ఇవ్వకు. విసిరికొడతాడు, కొట్టాలి కూడా.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోపే ఒక సాయంత్రం రేవుకి రమ్మను. రానంటే మర్నాడు మళ్లీ పిలువు. 'నీ చదువు నా కోసం ఆగిపోయింది' అని ముందు నువ్వే అను, నాన్న మీదకి నెట్టకు. కసురుకుంటే కసురుకోనీ. భుజం చూపించుకోడానికి ఆ తర్వాత వెళ్దువుగాని, అతన్నే తోడు రమ్మని.