కరోనా కొత్తలో మనవాళ్ళు నిజంగా భయపడ్డారా? చికెన్ సెంటర్ గల్లాపెట్టె దగ్గర్నుంచి ఒక జవాబు

"2020లో కరోనా మొదలైన కొత్తలో మన జనం అతిగా భయపడ్డారా, లేక అసలు పట్టించుకోలేదా?" అని అడిగారు. నాది గజ్వేల్ వైపు ఒక చిన్న టౌను. చికెన్ సెంటర్ నడుపుతాను. మా మేనమామకు పక్క ఊళ్ళో కోళ్ల ఫారం ఉండేది. కాబట్టి ఈ విషయంలో నేను న్యూట్రల్‌గా మాట్లాడతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నా మట్టుకు జవాబు ఇది: భయపడ్డారు, బాగానే భయపడ్డారు. కాకపోతే వదులుకుంటే తమ జేబులోంచి ఏమీ పోని వాటిని చూసి భయపడ్డారు. అందులో మొదటిది బ్రాయిలర్ కోడి.

కేరళలో తొలి కేసు జనవరి 30న బయటపడింది. హైదరాబాద్‌లో తొలి కేసు మార్చి 2న. మా షాపుకు మాత్రం కరోనా ఫిబ్రవరిలోనే వాట్సాప్ మీద ఎక్కి వచ్చేసింది. ఒళ్ళంతా పుండ్లున్న కోడి ఫొటో ఒకటి, దాని కింద "బ్రాయిలర్లలో కరోనా, పది మందికి పంపండి" అని. ఆ ఫొటో ఎవరు తీశారో, ఆ కోడికి వచ్చిన రోగమేమిటో అడిగిన మనిషి మా గ్రూపులో ఒక్కడు లేడు. కోడికీ ఈ వైరస్‌కూ సంబంధం లేదని పశుసంవర్ధక శాఖ చెప్పింది, డాక్టర్లు చెప్పారు. ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో అప్పటి మంత్రులు కేటీఆర్, ఈటల, తలసాని స్టేజీ ఎక్కి అందరి ముందు చికెన్ తిని చూపించారు. మర్నాడు నా షాపుకొచ్చిన ఒకాయన అన్న మాట: "వాళ్ళకేందన్నా, మందు ముందే ఏస్కొని తింటరు." వచ్చింది కొనడానికి కాదు, ఆ మాట చెప్పి పోవడానికే.

నిజంగా భయపడినవాళ్ళూ లేకపోలేదు. అదే ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకు కరోనా వచ్చిందనుకుని, ఇంట్లోవాళ్ళకు అంటుతుందని భయపడి ఉరేసుకున్నాడు. అప్పటికి ఆంధ్రలో ఒక్క కేసు కూడా లేదు. ఆయన్ని ఏమీ అనను. నేను చెప్పేది మిగతావాళ్ళ సంగతి.

తినేవాళ్ళకు చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. బ్రాయిలర్ కోడి ఆగదు. బియ్యం అమ్ముడుపోకపోతే బస్తా మూలకు పెట్టి రేటు వచ్చేదాకా చూడొచ్చు. కోడి నలభై, నలభై రెండు రోజులకు రెండు కిలోలకు వస్తుంది, ఆ రోజు లిఫ్టింగ్ కావాల్సిందే, అంటే ట్రేడర్ షెడ్డులోంచి ఎత్తుకుపోవాల్సిందే. ఆ తర్వాత ఉంచిన ప్రతి రోజూ అది తింటూనే ఉంటుంది. మామ షెడ్డులో నాలుగు వేల కోళ్ళు. ఆ వయసుకు ఒక్కో కోడి రోజుకు రెండు వందల గ్రాముల దాకా దాణా లాగిస్తుంది. అంటే రోజుకు పదిహేను బస్తాల పైమాటే. పైగా మార్చి వచ్చిందంటే ఎండ. బరువెక్కిన కోడి వేడికి తట్టుకోలేదు, మధ్యాహ్నం రెండింటికి నోరు తెరిచి రొప్పుతూ కూలబడిపోతుంది. పెద్ద కంపెనీలకు ఇంటిగ్రేషన్ కింద, అంటే కూలికి, పెంచేవాళ్ళకు పిల్లలూ దాణా కంపెనీవే, నష్టంలో కొంత వాళ్ళ నెత్తిన పడుతుంది. మామది సొంత బ్యాచ్. కిలో కోడి తయారు కావడానికి డెబ్బై రూపాయల పైన పడింది. ట్రేడర్ మొదట నలభై అన్నాడు, తర్వాత ఇరవై అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మామ క్రేట్లన్నీ డీసీఎంలో ఎక్కించి మా షాపు ముందుకు తెచ్చాడు. అట్టముక్క మీద "లైవ్ కిలో 30" అని రాసి బండికి కట్టాం. మామూలు ఆదివారమైతే ఆ టైముకు నా షాపు ముందు నిలబడే జాగా ఉండదు. ఆ రోజు జనం రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిచారు. ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాతో బడిలో చదువుకున్నవాడే బైకు స్లో చేసి, "ఏందిరా, ఊరంతటిని సంపుతవా?" అని అరిచి పోయాడు. పదకొండు దాటింది. కొన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో, వాళ్ళు కూడా నల్ల కవర్లో వేయించుకుని, పైన ఇంకో కవర్ కప్పుకుని పోయారు. క్రేట్లలో అడుగు వరసలో కోళ్ళు చావడం మొదలైంది.

మామ చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టి, డీసీఎం మీదికెక్కి గొంతెత్తాడు. "ఓ అన్నా, ఓ అక్కా, పైసల్లేవ్! ఫిరీ! మనిషికొక్క కోడి, తీస్కపోండి!"

అంతే. ఎక్కడినుంచి ఊడిపడ్డారో తెలియదు. అవతలి పక్క నడిచినవాళ్ళే ఇవతలికొచ్చారు. మనిషికొకటి అంటే భార్యాభర్తలు విడివిడిగా నిలబడ్డారు, తర్వాత పిల్లల్ని పంపారు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసుకుని పోయేవాళ్ళు, స్కూటీ ముందు కాళ్ళ దగ్గర తువ్వాలలో మూట కట్టుకునేవాళ్ళు. ఒక కోడి తప్పించుకుని అరటిపళ్ళ బండి కిందికి దూరితే దానికోసం ఇద్దరు కొట్టుకున్నంత పనిచేశారు. పొద్దున కొంగు అడ్డం పెట్టుకున్నామె ఆ కొంగుతోనే కోడి రెక్కలు కట్టింది. ఒకావిడ "బిడ్డా, కోసియ్యవా?" అంది. కోసి, ఈకలు తీసి, ముక్కలు కొట్టినందుకు ఇరవై ఇమ్మంటే, "ఫిరీ అని పిలిచి పైసలడుగుతవేంది?" అని నలుగురిలో నిలబెట్టి గొడవ పెట్టుకుంది.

వీటన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఒక సారు కొడుకు. ఆ సారు మా గ్రూపులో రోజూ పొద్దున్నే చికెన్ మీద ఒక వీడియో పెట్టేవాడు, కింద దండం ఎమోజీ. ఆయన కొడుకు వచ్చి, "అంకుల్, డాడీ రెండు తెమ్మన్నడు" అన్నాడు. ఇచ్చాను. ఇచ్చి ఊరుకోలేక ఫోన్ చేశాను. "సారూ, కరోనా గదా మరి?" అంటే, ఆయన ఏమాత్రం తడబడకుండా, "బాగ ఉడకబెడితే ఏ వైరస్ ఉండదు రా, పేపర్ల ఏసిండ్రు చూడలే?" అన్నాడు. నెల రోజులుగా నేను మొత్తుకుంటున్నది ఆ మాటే.

ముప్పై రూపాయలకు ఉన్న రోగం సున్నా రూపాయలకు లేకుండా పోయింది. జనం మనస్తత్వం మీద టీవీల్లో ఎంతమంది నిపుణులు ఎన్ని చెప్పినా, నాకు ఆ ఆదివారం చాలు.

ఇక పట్టించుకోకపోవడం సంగతి. మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం బడులు, సినిమా హాళ్ళు మూయించింది. ముందే ముహూర్తాలు పెట్టుకున్న పెళ్ళిళ్ళు చేసుకోవచ్చు, రెండు వందల మందికి మించొద్దంది. ఆ వారంలోనే నేనొక పెళ్ళికి పోయాను. మండపంలో రెండు వందల మంది ఉంటే, భోజనాల దగ్గర ఇంకో రెండు బంతులు, బారాత్‌లో మళ్ళీ అంతమంది. డీజే ముందు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. పెళ్ళికొడుకు తండ్రి నన్ను చూసి, "ఏమనుకోకు, చికెన్ పెట్టలేదు. మటనే. మనకెందుకు రిస్కు?" అన్నాడు. ఆయనకు మటన్ ఖర్చు ఎక్కువే అయ్యింది కదా, మరి నీ సిద్ధాంతం ఏమైందని అడగొచ్చు. పెళ్ళి ఆపితే పోయే అడ్వాన్సుల ముందు అదెంత?

కోడి తర్వాత భయం పడింది మనిషి మీద. హైదరాబాద్ తొలి కేసు దుబాయ్ పోయొచ్చిన అబ్బాయిదని తెలిసింది మొదలు, దుబాయ్ అన్న మాట వింటేనే ఊళ్ళు ఉలిక్కిపడ్డాయి. ఇక్కడి నుంచి గల్ఫ్ పోయినవాళ్ళు లేని గల్లీ ఉండదు. మా గల్లీకి దుబాయ్ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. చేతి మీద క్వారంటైన్ ముద్ర, గేటుకు కాగితం. జ్వరం లేదు, దగ్గు లేదు, చెప్పినట్టే గదిలోంచి బయటికి రాలేదు పాపం. అయినా పాలబ్బాయి వాళ్ళింటికి పోవడం మానేశాడు. పోనివ్వని వాళ్ళెవరంటే ఎదురింటివాళ్ళు. ఏటా అతను తెచ్చే సెంటు సీసాలూ ఖర్జూరాలూ అందరికంటే ముందు అందుకున్నది వాళ్ళే. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం ఐదింటికి బాల్కనీల్లోంచి చప్పట్లు కొట్టమంటే, వాళ్ళే పళ్ళేలు గరిటెలు పట్టుకుని గల్లీలోకి దిగి, నలభై మంది కలిసి ఊరేగింపు తీశారు. దూరంగా ఉండమని చెప్పడానికి పెట్టిన కార్యక్రమంలో అంత దగ్గరగా జనం చేరడం బోనాలప్పుడు తప్ప నేను చూడలేదు.

ఆ దగ్గు కాలర్ ట్యూన్ సంగతి కూడా చెప్పుకోవాలి. బాకీ అడుగుదామని ట్రేడర్‌కు ఫోన్ చేస్తే ముందు ఎవడో ఖళ్ళుఖళ్ళుమని దగ్గేవాడు. మా అమ్మ అయితే ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకునేది. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, జాగ్రత్త చెప్పడానికి జనం చెవిలో దగ్గించడమేమిటి? మాస్కులది ఇంకో కథ. మూడు పొరల మాస్కు పది రూపాయలకు మించి అమ్మొద్దని కేంద్రం రేటు కట్టింది. మా దగ్గర మందుల షాపులో "స్టాక్ లేదు" అనేవాడు, అదే మాస్కు పక్క సందులో ముప్పైకి దొరికేది. ఇలాంటి వాటి మీద ఎవరూ వీడియోలు చేయరు. చికెన్ కొట్టువాడు అయితే దొరుకుతాడు.

ఒక్కటి మాత్రం నా లెక్కలో ఎక్కడా ఇమడదు. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు వలస కూలీలు నడిచిపోతుంటే, తూప్రాన్ దగ్గర హైవే మీద పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు పంచినవాళ్ళలో మా గల్లీవాళ్ళూ ఉన్నారు. దుబాయ్ తమ్ముడికి పాలు ఆపించిన ఆ ఎదురింటాయన, ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళ కాళ్ళ బొబ్బలు చూసి తన చెప్పులు విప్పి ఇచ్చొచ్చాడు. ఆయన్ని ఏ ఖాతాలో రాయాలో నాకైతే తోచదు.

మళ్ళీ కోడి దగ్గరికి వస్తాను. లాక్‌డౌన్ పెట్టాక కేసీఆర్ ప్రెస్‌మీట్‌లో బత్తాయి, నిమ్మ, గుడ్లు, చికెన్ తినండి, ఒంట్లో శక్తి పెరుగుతుందని చెప్పాడు. మంత్రులు స్టేజీ మీద తింటే నమ్మనివాళ్ళు, ఇంట్లో పనీపాటా లేక కూర్చున్నాక ఒక్క మాటకే నమ్మేశారు. నా షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు సరిపోలేదు. రేటు పైకి లేచింది, చూస్తుండగానే రెండు వందలు దాటింది, మే నెలకు మూడు వందలకు దగ్గరపడింది. ఎందుకు పెరిగిందో అడక్కుండా నన్ను తిట్టారు. ఫిబ్రవరి, మార్చిలో దెబ్బతిన్న రైతు కొత్త పిల్లల్ని దింపలేదు. పిల్ల దింపితే కోడి కావడానికి నలభై రోజులు. మార్చిలో ఖాళీగా ఉన్న షెడ్డులోంచి ఏప్రిల్‌లో కోడి ఎక్కడినుంచి వస్తుంది? ఫ్రీగా రెండు తెప్పించుకున్న సారే కవర్ అందుకుంటూ, "విపత్తుల గూడ దోచుకుంటున్రు రా మీరు" అన్నాడు. రెండు వందల డెబ్బై లెక్కపెట్టి తీసుకున్నాను, రూపాయి తగ్గించలేదు.

మామకు ఆ రేటు అందలేదు. ఆ బ్యాచ్ అప్పు తీరక ఆయన కొత్త బ్యాచ్ వేయలేదు. తర్వాత షెడ్డు ఒక కంపెనీ ఇంటిగ్రేషన్‌కు ఇచ్చేశాడు. ఇప్పుడు తన షెడ్డులోనే వేరేవాళ్ళ కోళ్ళను కిలోకు ఇంత కూలి అని పెంచుతున్నాడు. లాభం తక్కువే, కాకపోతే ట్రేడర్ ఫోన్ ఎత్తుతాడా లేదా అన్న బెంగ లేదంటాడు.

ఇదంతా పాత సంగతి, ఇప్పుడు జనానికి తెలివొచ్చింది అనేవాళ్ళకు 2025 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. అప్పుడు గోదావరి జిల్లాల్లో నిజంగానే బర్డ్ ఫ్లూ వచ్చింది. ఈసారి రోగం కోళ్ళదే. ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ళ లారీలను సరిహద్దులో ఆపేశారు, మా గిరాకీ మళ్ళీ పడిపోయింది. అదే నెలలో గుంటూరులో పౌల్ట్రీవాళ్ళు ఫ్రీ చికెన్ మేళా పెడితే జనం తోసుకుని ఎగబడ్డారు.