సర్కారు ఆఫీసుకి పదడుగుల గోడ కావాలా?

ప్రశ్న: సార్, మాది కావలి పక్కన పల్లె. మా వైపు ఒక సర్కారు ఆఫీసుకి కొత్త బిల్డింగు కడతా ఉండారు. పాతదాని ముందు వేపచెట్లు, అరుగులు ఉండేవి, ఎవరైనా పోయి కూర్చునేవాళ్లు. కొత్త ప్లాన్‌లో చుట్టూ పదడుగుల గోడ, పైన ముళ్లకంచె, ఒకటే గేటు. అదేందని అడిగితే సెక్యూరిటీ అంటుండారు. జనం వచ్చే ఆఫీసు జైలు మాదిరి ఉండాలా, రెండూ కుదిరే దారి లేదా?

జవాబు: ఎందుకు కుదరదన్నా, భేషుగ్గా కుదురుద్ది. గోడంటే మేస్త్రీకి చెప్తే లేచిపోద్ది, ఆలోచించి ప్లాన్ గీయడమే కష్టం, అందుకే ఆ మాట చెప్తున్నారని నా అనుమానం.

అసలు పెద్ద ఆఫీసులు కట్టే ఇంజనీర్లకి లోపలికి దూరే మనిషికన్నా గోడ పక్కన ఆగే బండంటేనే ఎక్కువ భయం. 1995 ఏప్రిల్ 19న అమెరికాలో ఓక్లహోమా సిటీ ఫెడరల్ బిల్డింగు ముందు, రోడ్డు పక్కనే, పేలుడు సామాను నింపిన ట్రక్కు ఆపి పేల్చేశారు, 168 మంది పోయారు. పై అంతస్తుల స్తంభాల్ని మోసే పెద్ద దూలం ఒకటుంది, దాని కింది స్తంభాలు పోయేసరికి ముందు భాగమంతా కూలిపోయింది, పగిలిన అద్దాలు ఎగిరి గుచ్చుకుని గాయపడ్డోళ్లు ఇంకా బోలెడుమంది. పేలుడు ఒత్తిడి దూరం పెరిగేకొద్దీ గబగబా తగ్గిపోద్ది, అంటే కాపాడేది దూరమే, మామూలు ఇటుక గోడైతే ఆ ఇటుకలే ఎగిరొచ్చి తగుల్తాయి.

లండన్‌లో అమెరికా ఎంబసీ 2018లో కొత్త బిల్డింగులోకి మారింది, కీరన్‌టింబర్‌లేక్ అనే ఆర్కిటెక్టుల డిజైన్. బిల్డింగుని రోడ్డుకి 30 మీటర్ల దాకా వెనక్కి జరిపారు, కోట గోడలాంటిది కనపడకుండా ఒక వైపు చెరువు, మిగతా చోట్ల గట్లు, మొక్కలు పెట్టారు. దానికి సుమారు 100 కోట్ల డాలర్లు అయిందిలే, అంత మనకెందుకు గానీ సూత్రం మాత్రం మన పాత కోటల కందకాలదే, చెరువు సంగతి నెల్లూరోళ్లకి వేరే చెప్పాలా!

ఇప్పుడు మీ గేటు సంగతి. సోమవారం అర్జీల రోజు ఊళ్లనుంచి ముసలీముతకా అంతా వస్తారు కదా, ఒకటే గేటు పెట్టి అక్కడే చెకింగ్ అంటే ఆ క్యూ అంతా రోడ్డు మీదే, మే నెల ఎండలో, లారీల పక్కన నిలబడాలి. లోపల సార్లు భద్రంగా ఉంటారు, జనానికి మాత్రం ఏ భద్రతా లేదు, నా లెక్కలో ఇదే ఆ ప్లాన్‌లో పెద్ద తప్పు. అర్జీల హాలు, కౌంటర్లు, మంచినీళ్లు, బాత్‌రూములు ముందువైపే పెట్టి అక్కడిదాకా ఎవరైనా వచ్చేలా వదిలెయ్యాలి, రికార్డు రూమూ సర్వరూ ఆఫీసర్ల గదులూ వెనక పెట్టి ఆ తలుపు దగ్గర చెక్ చెయ్యాలి. రోడ్డు వైపు బొలార్డులు, అదే పొట్టి ఇనప స్తంభాలు, నాలుగడుగుల ఎడంతో పాతితే కారు రాలేదు, వీల్‌చైర్ వచ్చేస్తది. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవైనా ఉండాలి. కిటికీలకి లామినేటెడ్ గ్లాస్ వేస్తే పగిలినా ముక్కలు మధ్యలో ఉండే పొరకే అతుక్కుని ఉంటాయి.

ఇంకోటి, నిప్పంటుకుంటే ఆ ఒక్క గేటులోంచి ఎంతమంది బయటపడతారు? రెండో దారి, ఫైరింజను తిరిగే చోటు ఎక్కడున్నాయో చూపించమని రాతపూర్వకంగా అడగండి. పునాది పడకముందే అడగాలి, గోడ లేచాక ఎవరూ కూల్చరు.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు సార్, చుట్టూ సీసీ కెమెరాలు పెడితే చాలదా? (ఒంగోలు)

జవాబు: చాలదమ్మా. చూసే మనిషి లేకపోతే కెమెరా జరిగింది రికార్డు చేస్తదంతే, ఆపదు. ముందు రాత్రిపూట లైట్లు వెలిగేలా చూడమనండి, గుబురు పొదలు కొట్టించమనండి, వాచ్‌మన్ కూర్చున్న చోటునుంచి వాకిలంతా కనపడాలి. ఆ తర్వాత కెమెరాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు.