షుగర్ కాళ్లు చూడ్డానికి టైమ్ ఎక్కడుంది? - సిస్టర్‌ని అడగండి

ఈ నెల వచ్చిన మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం పీహెచ్‌సీల్లో, విలేజ్ క్లినిక్కుల్లో పనిచేసే మన సిస్టర్లవే, అందరిదీ దాదాపు ఒకటే గొడవ, షుగర్ కాళ్లు. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేశా. జుట్టు రాలడం గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగండి, ఏం కాదు.

ప్రశ్న: మేడమ్, నేను విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) చేస్తున్నా. ఎన్‌సీడీ రోజున (బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బులవాళ్లని చూసే రోజు) బీపీ, షుగర్ చూసి మాత్రలు ఇచ్చేసరికే మధ్యాహ్నం దాటిపోతుంది. ట్రైనింగ్‌లో ప్రతి షుగర్ పేషెంటుకీ మోనోఫిలమెంట్‌తో (స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నటి నైలాన్ పోగు) పాదాలు చూడమన్నారు, అది మా దగ్గర లేదు, ఉన్నా అంతమందికి ఎలా చూడగలను? మొన్న ఒకాయన్ని బొటనవేలు నల్లబడ్డాక తీసుకొచ్చారు. ఆయన మాత్రలు నెలనెలా కోడలే వచ్చి తీసుకెళ్తుంది, మనిషిని నేను చూసిందే లేదు. - పల్నాడు జిల్లా

జవాబు: నీ ఆఖరి మాటతోనే మొదలుపెడతా చెల్లీ. మాత్రలు కోడలు తెచ్చిపెట్టొచ్చు గానీ కాళ్లు తేలేదు కదా. మాత్రలకి ఇంట్లోవాళ్లని పంపేవాళ్ల లిస్టు ఒకటి విడిగా రాసుకో, మూడు నెలలకోసారైనా మనిషి రావాల్సిందేనని చెప్పు, మంచంలో ఉన్నవాళ్లయితే ఏఎన్ఎం గానీ నువ్వు గానీ ఇంటికెళ్లి చూడండి. పుళ్లు ముదిరేది ఎక్కువగా వీళ్లకే, కాళ్లు మొద్దుబారినవాళ్లు నొప్పి లేదు కాబట్టి రారు, నొప్పి లేకపోవడమే అసలు జబ్బు అని వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఇక టైమ్ సంగతి. నువ్వు నీ టేబుల్ దగ్గర చెప్పులు విప్పించడం మొదలుపెట్టావంటే ఆ రోజు అయిపోయినట్టే, ముసలమ్మ వంగి సాక్సు లాగేసరికే ఐదు నిమిషాలు పడుతుంది. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆశాతో చెప్పులు, సాక్సులు తీయించి పెట్టమను, నీ దగ్గరికి వచ్చేసరికి పాదాలు ఖాళీగా ఉండాలి. అప్పుడు ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు మించదు. పైగా అందరికీ ప్రతిసారీ చూడక్కర్లేదు. స్పర్శ బాగుండి, రక్తం బాగా ఆడుతూ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి చాలు. స్పర్శ పోయినా, రక్తప్రసరణ తగ్గినా 6 నుంచి 12 నెలలకోసారి. ఆ రెండూ కలిసినా, ఏదో ఒకదానికి తోడు వేళ్లు వంకర్లు తిరగడం, పాదం ఆకారం మారడం ఉన్నా 3 నుంచి 6 నెలలకోసారి. స్పర్శ గానీ రక్తప్రసరణ గానీ తగ్గినవాళ్లలో ఇంతకుముందు పుండు పడి మానినవాళ్లు, వేలు తీసేసినవాళ్లు, కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్లు ఉంటే వాళ్లని నెల నుంచి మూడు నెలల లోపు మళ్లీ చూడాలి. పుండు మానింది కదా అని వదిలేస్తాం చూడు, అక్కడే దెబ్బ తింటాం, అదే చోట మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ఆశాలు నింపిన సీబ్యాక్ ఫారాలు (ఎవరికి ఏ జబ్బు ముప్పు ఉందో తెలుసుకోడానికి ప్రశ్నలు అడిగి నింపేవి) తీయి. అందులో అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా, స్పర్శ తెలియట్లేదా, పుండ్లు మళ్లీ మళ్లీ పడుతున్నాయా అని ప్రశ్నలున్నాయి కదా, అవి పెట్టింది ముఖ్యంగా కుష్ఠు కోసం, కానీ షుగర్ ఉన్నవాళ్లలో ఎవరు అవునన్నారో వాళ్లే నీ మొదటి లిస్టు. ఇంకో ప్రశ్న నువ్వే అడుగు, "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా పెద్దమ్మా?" అని. తిమ్మిర్లు లేవని గట్టిగా చెప్పినవాళ్లు కూడా దీనికి నవ్వుతూ అవునంటారు, నిన్న కూడా ఒక చెప్పు రోడ్డు మీదే వదిలేసి ఇంటికొచ్చా అంటారు.

మోనోఫిలమెంట్ లేకపోతే వేలు చాలు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు తెచ్చిన పద్ధతి ఇది. పేషెంటుని కళ్లు మూసుకోమను, ముందుగా ఇది కుడి, ఇది ఎడమ అని కాలు ముట్టుకుని చెప్పు, ఎందుకంటే మన పెద్దాళ్లలో కొంతమంది కుడి ఎడమల దగ్గరే తడబడతారు, స్పర్శ ఉన్నా తప్పు చెప్తారు. తర్వాత రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లని నీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు అలా ఆనించి తీసెయ్, నొక్కకూడదు, గోకకూడదు, తట్టకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియలేదంటే స్పర్శ పోయిందనే లెక్క. మోనోఫిలమెంట్ వచ్చాక అది 10 గ్రాములదో (అంటే అంత ఒత్తిడికి వంగేదో) కాదో చూసుకో, ముందు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో చూపించు, నిటారుగా పెట్టి వంగేదాకా నొక్కు, ఆనెకాయల మీద పెట్టకు. వరసగా పది మందికి వాడాక దానికి ఒక రోజు రెస్ట్ ఇవ్వాలి, లేకపోతే మెత్తబడిపోయి రీడింగ్ తప్పుతుంది. పిన్నుతో గుచ్చి చూడటం మాత్రం వద్దు, ఇంకా కొన్ని చోట్ల చేస్తున్నారు, మనమే పుండు పెట్టినట్టు అవుతుంది.

చూడటం అంటే పైపైన కాదు. మన ఆడవాళ్ల కాళ్లకి పసుపు, పండగ రోజులైతే పారాణి, దాని కింద ఎర్రదనం ఉన్నా కనిపించదు, తడి దూదితో తుడిచి చూడు. మెట్టెలు తిప్పి చూడు, కాలు వాచినప్పుడు మెట్టె బిగుసుకుని కింద చర్మం కోసుకుపోతుంది, ఆవిడకి తెలియదు. మెట్టె తీయమంటే అత్తగారు ఒప్పుకోదంటారు, అప్పుడు అత్తగారికే ఆ గాటు చూపించు, మాటల కన్నా తొందరగా పని అవుతుంది. వేళ్ల సందుల్లో తెల్లగా నానినట్టు ఉందా, మడమ పగుళ్లలోంచి రసి కారుతోందా, ఆనెకాయ మధ్యలో నల్లటి మచ్చ ఉందా చూడు, ఆ మచ్చ ఉందంటే లోపల రక్తం చేరింది, కింద పుండు తయారవుతోందని అనుమానించాలి. నాడి రెండు చోట్ల పట్టుకో, పాదం పైన, లోపలి చీలమండ వెనక. పైన నాడి కొంతమందికి పుట్టుకతోనే దొరకదు, అందుకే రెండోది కూడా చూడాలి.

చూసింది చీటీ మీద రాయి, 'కుడి పాదం స్పర్శ లేదు' అని పెద్దక్షరాలతో. షుగర్ ఎంత, బీపీ ఎంత అని రాస్తాం గానీ పాదానికి ఒక లైను కూడా ఉండదు, తర్వాత చూసే సిస్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ప్రశ్న: అక్కా, నేను ఆశాని. మా ఊళ్లో షుగర్ ఉన్న ఇద్దరు అయ్యప్ప మాల వేసుకున్నారు, ఒకాయనకి పాదాలు మొద్దుబారాయని సిస్టర్ చెప్పారు. చెప్పులు వేసుకోమంటే అపచారం అంటున్నారు. ఎలా చెప్పాలి? - నల్గొండ జిల్లా

జవాబు: నువ్వు చెప్తే వినరమ్మా, గురుస్వామి చెప్తే వింటారు. ఆయన దగ్గరికే వెళ్లి, ఈ స్వామికి కాల్లో మేకు దిగినా తెలియదు, 41 రోజులు ఒట్టి కాళ్లతో తిరిగితే ప్రమాదమని విడమర్చి చెప్పు. ఆరోగ్యం బాలేనివాళ్లకి చెప్పుల విషయంలో సడలింపు ఇచ్చే గురుస్వాములు ఉన్నారు. ఎంతకీ ఒప్పుకోకపోతే కనీసం మధ్యాహ్నం ఎండలో సిమెంటు రోడ్డు మీద నడవొద్దని, రోజూ రాత్రి పడుకునే ముందు ఎవరో ఒకరితో అరికాళ్లు చూపించుకోమని చెప్పు, చూసేవాళ్లు లేకపోతే కింద అద్దం పెట్టుకుని తనే చూసుకోవచ్చు. ఇంకో సంగతి, దీక్షలో ఒంటిపూట భోజనం చేస్తూ మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు, డోసు గురించి డాక్టర్ని అడగమను. పాదం మీద ఇప్పటికే పుండు ఉంటే మాత్రం మొహమాటం లేదు, ఈ ఏడు మాల వద్దు, వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ప్రశ్న: పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. పుండుతో వచ్చేవాళ్లు పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు పూసుకుని వస్తారు. మేమేమో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడిగి, యాంటీబయాటిక్ ఇచ్చి పంపిస్తున్నాం. ఇది కరెక్టేనా? - శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాఫీ పొడి తప్పే, పెరాక్సైడ్ కూడా అంత మంచిదేం కాదు, బుస్సున పొంగితే క్లీన్ అయిందనిపిస్తుంది గానీ కొత్తగా వస్తున్న కండని కూడా దెబ్బతీస్తుంది. నార్మల్ సెలైన్‌తో కడుగు, శుభ్రమైన డ్రెస్సింగ్ వెయ్. ఎర్రదనం, వేడి, వాపు, చీము, నొప్పి ఏవీ లేని పుండుకి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం ఆ చోట బరువు పడకుండా చూడటం, అరికాలి పుండుకి ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ రాసినా దాని మీదే నడుచుకుంటూ ఇంటికెళ్తే మానదు. మన దగ్గర డ్రెస్సింగ్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టం. డాక్టరుగారికి అదే రోజు చూపించు. నల్లబడినా, వాసన వస్తున్నా, ఎర్రదనం పైకి పాకుతున్నా, ఎముక కనిపిస్తున్నా డ్రెస్సింగ్ కట్టి వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి పంపు. జ్వరం లేదు కదా అని ఆగొద్దు, షుగర్ వాళ్లకి లోపల చీము పట్టినా జ్వరం రాకపోవచ్చు.

ప్రశ్న: పుండు లేదు, దెబ్బ తగల్లేదు, అయినా ఒక పాదం ఎర్రగా వాచి వేడిగా ఉంది, పెద్దగా నొప్పి లేదంటున్నాడు. సెల్యులైటిస్ (చర్మం లోపలి ఇన్ఫెక్షన్) అనుకోవచ్చా? - ఖమ్మం జిల్లా

జవాబు: కావచ్చు, కానీ స్పర్శ పోయిన పాదమైతే షార్కో ఫుట్ అని ముందు అనుమానించండి. ఎముకలు లోపల్లోపల విరిగి జారిపోతుంటాయి, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, అందుకే నార్మల్ అని రిపోర్టొచ్చినా వదలొద్దు. రెండు పాదాల మీద చేతి వెనక భాగం ఆనించి పోల్చండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ కాలు నేల మీద పెట్టనివ్వొద్దు, బైకు వెనక కాళ్లు వేలాడేసుకుని కాకుండా ఆటోలోనో అంబులెన్సులోనో ఆ రోజే పెద్దాసుపత్రికి పంపించండి. రిఫరల్ చీటీ మీద 'స్పర్శ లేదు, పుండు లేదు, ఒక పాదమే వేడి' అని మూడు ముక్కలూ రాయండి, అక్కడ చూసే డాక్టరుకి సగం పని అయిపోతుంది.

ప్రశ్న: ఎంసీఆర్ చెప్పులు (మైక్రో సెల్యులర్ రబ్బరువి) కుష్ఠు వాళ్లవి అని మా నాన్న వేసుకోనంటున్నారు. - విజయవాడ

జవాబు: స్పర్శ పోయిన కాలికి ఏ జబ్బు వల్ల పోయిందో తెలియదు కదమ్మా, రెండిటికీ అదే మెత్తటి రబ్బరు పనికొస్తుంది. ఇప్పుడు మామూలు లెదర్ చెప్పుల్లాంటి మోడళ్లలో కూడా దొరుకుతున్నాయి, చూసి పోల్చుకోలేరు. కొనేటప్పుడు మడమ వెనక పట్టీ ఉన్నవే తీసుకోండి, బొటనవేలి సందులో దూరే పట్టీ ఉన్నవి వద్దు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్లు కొంచెం వాచి అసలు సైజు తెలుస్తుంది. మొదటి వారం రోజుకి గంటో రెండు గంటలో వేసి, తీశాక ఎక్కడైనా ఎర్రబడిందేమో మీరే చూడండి.