పూల్ పంపు బిల్లు తగ్గాలంటే ముందు గంటలు లెక్కపెట్టండి

పరాయి దేశంలో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొన్న మనవాళ్ళు రెండో నెల కరెంటు బిల్లు చూసి నాకు ఫోన్ చేస్తుంటారు. ఏసీ మీదో, ఓవెన్ మీదో అనుమానం. "పెరట్లో పంపు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోందండీ?" అని అడిగితే చాలామందికి తెలియదు. పాత యజమాని టైమరు ఎలా పెట్టి వెళ్ళాడో అలాగే నడుస్తూ ఉంటుంది. నేనూ రెండేళ్ళు అలాగే వదిలేశాను, రోజుకు పది గంటలు. మీకు ఆ నష్టం ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఏమీ కొనకండి. ఇంట్లో వీలైనవన్నీ ఆపేసి, పంపు ఒక్కటే వేసి, గంటలో మీటరు ఎంత కదిలిందో చూడండి. ఒకటిన్నర హార్స్‌పవర్ పంపు పూర్తి వేగంతో గంటకు సుమారు 1.5 యూనిట్లు తీసుకుంటుంది. పది గంటలకు 15 యూనిట్లు, నెలకు 450.

ఇక నీళ్ళ లెక్క. పూల్‌లో 50,000 లీటర్లు ఉన్నాయనుకుందాం. పంపు గంటకు 15,000 లీటర్లు తోడితే మూడు గంటల ఇరవై నిమిషాల్లో అన్ని నీళ్ళు ఫిల్టరు గుండా వెళ్తాయి. మామూలు ఇంటి పూల్‌కు రోజుకు ఒక తిప్పు చాలావరకు సరిపోతుంది. ఎండలు ముదిరినప్పుడు, పిల్లలు ఎక్కువగా దిగే రోజుల్లో పెంచుకోవాలి. గంటలు ఒక్కసారిగా కొయ్యకండి. వారానికి ఒక గంట తగ్గిస్తూ, నీళ్ళు మసకబారుతున్నాయా, క్లోరిన్ నిలుస్తోందా చూసుకోండి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉంటే అది పంపు తిరిగినంతసేపే పనిచేస్తుంది కాబట్టి దాని క్లోరిన్ తయారీ శాతం పెంచాల్సి రావచ్చు. మా పూల్‌కు ఐదు గంటల దగ్గర కుదిరింది. పైసా ఖర్చు లేకుండా పంపు వాడకం సగమైంది.

ఆ తర్వాతే వేరియబుల్ స్పీడ్ పంపు, అంటే వేగం తగ్గించి పెంచుకోగలిగే పంపు సంగతి. పంపు వేగం సగం చేస్తే నీళ్ళు సగం వస్తాయి, కరెంటు మాత్రం సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీళ్ళు మెల్లగా పారితే పైపుల్లో రాపిడి అంతగా తగ్గుతుంది మరి. రెట్టింపు సేపు నడిపినా ఖర్చు నాలుగో వంతే. మోటారులో నష్టాలుంటాయి కాబట్టి అంతా చేతికి రాదు. అయినా ఐదు గంటలకు ఏడున్నర యూనిట్లు తినే పని మెల్లగా పది గంటలు నడిపితే మూడు యూనిట్ల లోపే అయిపోవచ్చు. చప్పుడూ బాగా తగ్గుతుంది. అమ్మేవాళ్ళు పాత పది గంటల బిల్లుతో పోల్చి లాభం చూపిస్తారు. మీరు తగ్గించుకున్న ఐదు గంటలతో పోల్చండి. రోజుకు మిగిలే యూనిట్లను మీ యూనిట్ ధరతో, ఏడాదిలో పూల్ నడిచే రోజులతో గుణిస్తే ఏడాది ఆదా వస్తుంది. పంపు ధరను దానితో భాగిస్తే కొత్త పంపు ఎన్నాళ్ళకు గిట్టుబాటవుతుందో తేలిపోతుంది. ఏడాది పొడవునా నడిచే పూల్, యూనిట్ ధర ఎక్కువ అయితే వెంటనే మార్చండి. లేదంటే పాత మోటారు కాలిపోయేదాకా ఆగండి, అప్పుడు మాత్రం మళ్ళీ ఒకే వేగం పంపు కొనకండి. కొన్ని పంపులకు మోటారు ఒక్కటే మార్చినా సరిపోతుంది.

పాత సింగిల్ ఫేజ్ మోటారుకు ఫ్యాన్ రెగ్యులేటరు లాంటిది తగిలించి వేగం తగ్గిద్దామని చూడకండి. వేడెక్కి కాలిపోతుంది.

మెల్లగా నడిపితే పైన తేలే ఆకులు సరిగ్గా లాగదు, పంపు చూషణతో కదిలే క్లీనరు కదలదు. అందుకే రోజూ గంటో రెండు గంటలో వేగం పెంచాలి. యూనిట్ ధర వేళను బట్టి మారే చోట ఆ గంటలు చవక వేళలో పెట్టుకోండి. గడ్డకట్టే చలి ఉండే చోట, చలిరాత్రి పంపు దానంతట అది తిరిగే ఏర్పాటును మాత్రం ఆపకండి, పైపులు పగులుతాయి.

ఫిల్టరు కడిగిన రోజు దాని మీదున్న ఒత్తిడి గేజి ఎన్ని పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తోందో రాసిపెట్టుకోండి. దానికన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే మళ్ళీ కడగాలి. ఫిల్టరు పూడుకుంటే మీటరు వేగంగా తిరగదు, అందుకే ఎవరూ గమనించరు. నీళ్ళు తక్కువ వస్తాయి, అదే పనికి గంటలు పెంచాల్సి వస్తుంది. పంపు ముందున్న జల్లెడ బుట్టలో ఆకులు నిండినా ఇదే కథ. దాన్ని తెరిచేముందు పంపు స్విచ్ ఆపడం మరవకండి.