అమెరికా నాయకుల్లో మీకు బాగా నచ్చినవారు ఎవరు, ఎందుకు?

అందరూ లింకన్, కెన్నెడీ అని రాశారు. నేను టెక్సాస్ నాయకురాలు బార్బరా జోర్డాన్ అంటాను.

మేము టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాం. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో పచ్చళ్లు సర్దిన పెట్టె రాలేదు. నేను టెన్షన్‌గా ఫారం నింపి వచ్చేసరికి అమ్మ అక్కడున్న కంచు విగ్రహాన్నే చూస్తూ నిలబడింది. "ఎవర్రా ఈవిడ? టీచరమ్మలా కూర్చుంది" అంది. అమ్మ ముప్పై ఏళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. అది బార్బరా జోర్డాన్ విగ్రహం. ఆ ఎయిర్‌పోర్టు టెర్మినల్‌కే ఈవిడ పేరు పెట్టారు, అయినా అమ్మ అడిగేదాకా నేను పట్టించుకోలేదు. ఆ రాత్రే కూర్చుని చదివాను.

హ్యూస్టన్‌లో ఓ పాస్టర్ గారి కూతురు. లా చదివి, ఇంట్లో భోజనాల బల్ల మీదే ప్రాక్టీస్ మొదలుపెట్టింది. 1962లో, 1964లో టెక్సాస్ రాష్ట్ర శాసనసభలోని దిగువ సభకు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయింది. లోపం ఆమెలో లేదు, కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం కలిపి ఓటేసే పద్ధతిలో నల్లవాళ్ల ఓట్లకు బలం లేకుండా పోయేది. కోర్టు తీర్పుల వల్ల నియోజకవర్గాలు విడివిడిగా గీశాక 1966లో రాష్ట్ర సెనేట్‌కి, అంటే ఎగువ సభకి గెలిచింది. 1883 తర్వాత అక్కడ అడుగుపెట్టిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడే, మిగతా ముప్పై మందీ మగవాళ్లే. 1972లో అమెరికా కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి ఎన్నికైంది.

ఆవిడ దారి మొదలైంది రాష్ట్ర శాసనసభ నుంచే. అందుకే మన పాట్‌లక్‌లలో (ఇంటికో వంటకం తెచ్చుకునే విందుల్లో) గంటలకొద్దీ ప్రెసిడెంటు గురించి వాదించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల స్కూళ్లకు డబ్బు ఎలా రావాలో, ఇంటి పన్ను నియమాలేమిటో తేల్చేది రాష్ట్ర శాసనసభ. మీ ఏరియా సభ్యుడి పేరు చెప్పండి అంటే ఒక్కరూ నోరు విప్పరు. మా ఊళ్లో వార్డు మెంబరు ఇల్లెక్కడో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

1974 జులై 25న అప్పటి అధ్యక్షుడు నిక్సన్‌ను పదవి నుంచి తొలగించాలా అన్న అభిశంసన విచారణలో ఆవిడ మాట్లాడింది పావుగంట లోపే. రాజ్యాంగం రాసిననాడు దాని మొదట్లో ఉన్న "ప్రజలమైన మేము" అన్న మాటలో తాను లేనని చెప్పి, అదే రాజ్యాంగం మీద తనకు సంపూర్ణ విశ్వాసం ఉందంది. 1979లో కాంగ్రెస్ వదిలి ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. అమ్మ సరిగ్గానే పోల్చింది.

మర్నాడు ఆ ప్రసంగం టీవీలో పెట్టాను. అమ్మకు ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది, అయినా కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా చివరిదాకా విని, "ఒక్క అక్షరం కూడా మింగలేదురా" అంది.