సినిమా సగంలో ఆగితే తప్పు డిస్కుదా, డ్రైవుదా?

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డీవీడీలు పంపడం మానేసినప్పుడు చివరగా వచ్చిన ఎర్ర కవర్లు నాలుగు మా ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిలో రెండు సినిమాలు గంట దాటాక బిగుసుకుపోతున్నాయి. కంప్యూటర్ పన్నెండేళ్ల నాటిది. దాన్ని మార్చాలా?
– ఓ పాఠకురాలు, ప్లేనో, టెక్సస్

జవాబు: తొందరపడకండి. 1998లో మొదలైన ఆ సర్వీసు 2023 సెప్టెంబర్ 29న ఆగింది. చివరి డిస్కులు మీరే ఉంచుకోండన్నారు కాబట్టి చాలా ఇళ్లలో ఇలాగే మిగిలాయి. మీరు రాసిన "గంట దాటాక" అన్న మాటలోనే ఆచూకీ ఉంది. పెద్ద సినిమాల డిస్కుల్లో సాధారణంగా రెండు పొరలుంటాయి. లేజర్ మొదటి పొరను మధ్య నుంచి అంచు దాకా చదివి, అక్కడ ఫోకస్ మార్చుకుని, రెండో పొరను అంచు నుంచి లోపలికి చదువుతూ వస్తుంది. అంటే సినిమా సగానికొచ్చేసరికి లేజర్ డిస్కు అంచు దగ్గరుంటుంది. మన వేళ్లు తగిలేదీ, కవర్లో రాసుకుని గీతలు పడేదీ అక్కడే.

ముందు మరో రెండు పొరల డిస్కు పెట్టి చూడండి. ప్రాపర్టీస్‌లో సైజు 4.4 జీబీ దాటి కనిపిస్తే రెండు పొరలున్నట్టే. అది సాఫీగా ఆడితే తప్పు ఎర్ర కవర్లోని డిస్కులదే. అన్నీ సగంలోనే ఆగుతుంటే లేజర్ రెండో పొరను పట్టుకోలేకపోతోందన్న మాట.

డిస్కుదే తప్పయితే గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి కడగండి. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత డేటా వరస వెంటే సాగుతుంది, దాన్ని డ్రైవు సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడ్డ గీతను చాలావరకు దాటేస్తుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి. డ్రైవుదే తప్పయితే, ల్యాప్‌టాప్ అయితే ట్రేతో పాటే లెన్సు బయటికొస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో దాన్ని పైపైన తాకించండి. లెన్సు సన్నటి తీగల మీద నిలబడి ఉంటుంది, నొక్కారో అంతే సంగతులు. డెస్క్‌టాప్‌లో లెన్సు లోపలే ఉంటుంది కాబట్టి బ్రష్ ఉన్న క్లీనింగ్ డిస్కు వాడండి. అప్పటికీ దారికి రాకపోతే యూఎస్‌బీ డ్రైవు ఒకటి కొనుక్కోండి, కంప్యూటర్ జోలికి పోనక్కర్లేదు.

ఇంకో మాట. పోస్టాఫీసు మెషీన్ల మధ్య నలిగిన డిస్కులకు నడిమి రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉంటాయి. వెలుతురుకు పట్టి చూడండి. పగులు కనిపిస్తే ఆ డిస్కు పారేయడమే. వేగంగా తిరిగేటప్పుడు డ్రైవులోనే ముక్కలైపోవచ్చు.

ప్రశ్న: నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంది. ఒక గీతలు పడ్డ డిస్కు పెట్టినప్పటి నుంచి ఏ డిస్కు పెట్టినా బొమ్మ నత్తినత్తిగా ఆడుతోంది, మాట వెనకబడుతోంది.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ డిస్కే దీనికి కారణం. మామూలుగా డ్రైవు నుంచి డేటా ప్రాసెసర్‌ను కదపకుండా నేరుగా మెమరీకి చేరుతుంది, దీన్ని డీఎంఏ పద్ధతి అంటారు. చదవడంలో తప్పులు ఆరు దాటేసరికి ఎక్స్‌పీ ఆ డ్రైవును డీఎంఏలో ఒక్కో మెట్టూ దించుకుంటూ, చివరికి పీఐఓ అనే పాత పద్ధతిలో పడేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి డిస్కు పెట్టినా తనంతట తాను పైకి రాదు. డీవీడీ సినిమాకు సెకనుకు ఒకటింపావు మెగాబైటు చాలు, పీఐఓ అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. చిక్కేమిటంటే పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి. బొమ్మ విప్పే పనీ, మూటలు మోసే పనీ ఒక్కడి నెత్తినే పడతాయి. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ ఛానల్ (డీవీడీ డ్రైవు సాధారణంగా తగిలి ఉండే దారి) తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో చూడండి. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర పీఐఓ అని ఉంటే ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని మళ్లీ గుర్తించి డీఎంఏలో పెడుతుంది. కొన్నాళ్లకే మళ్లీ పడిపోతే డ్రైవును మదర్‌బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ మార్చండి. 2014 ఏప్రిల్ నుంచి ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు కాబట్టి ఆ మెషీన్‌కు నెట్ మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: అమెరికాలో కొన్న డిస్కులు హైదరాబాద్ తెచ్చుకుంటే రీజియన్ మార్చమని అడుగుతోంది. మార్చవచ్చా?

జవాబు: డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే నంబరే రీజియన్. అమెరికా రీజియన్ 1, మనది 5. డ్రైవు ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తుంది, ఆఖరిసారి పెట్టిన దగ్గరే తాళం పడిపోతుంది. విండోస్ మళ్లీ వేసినా లెక్క మొదటికి రాదు, అది డ్రైవులోనే రాసి ఉంటుంది. అందుకని అమెరికా డిస్కులకు విడిగా ఒక యూఎస్‌బీ డ్రైవు పెట్టుకుని, దాన్ని 1లోనే వదిలేయండి.

ప్రశ్న: కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. ఏ సైటు తెరిచినా సురక్షితం కాదంటోంది. వైరసా?

జవాబు: కాదు, మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. నంబరు సీఆర్2032, 3 వోల్టులు. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి, ఆ హెచ్చరిక అందుకే. మార్చేముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి, హార్డ్ డిస్కుతో మాట్లాడే తీరును చెప్పే సాటా మోడ్ ఐడీఈ అని ఉందో, ఏహెచ్‌సీఐ అని ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే ఆ సెట్టింగు మారిపోవచ్చు. మారితే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది, జనం హార్డ్ డిస్కు పోయిందనుకుంటారు. కరెంటు ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచి, పక్కనున్న క్లిప్పు నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. తేదీ, సాటా మోడ్ సరిచేసుకుని సేవ్ చేయండి.

ప్రశ్న: పోస్టులో సినిమాలు అద్దెకిచ్చేవాళ్లు అమెరికాలో ఇంకా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. సియాటిల్‌లోని స్కేర్‌క్రో వీడియో పంపుతుంది. అంతకన్నా ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి, అక్కడ అద్దె కూడా ఉండదు.