ఆ ఇంట్లో పిల్లవాడు ఒక్కడే

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని రాసిన నాలుగు పేజీల ఉత్తరం సారాంశం ఇది. వారి స్వస్థలం అనంతపురం. నాలుగో తరగతి చదువుతున్న 9 ఏళ్ళ కొడుక్కి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉందని ఈ మధ్యనే డాక్టరు తేల్చారు. అక్కడ ఇచ్చిన ప్రశ్నపత్రం నింపుతూ ఆమె భర్త ‘ఇవన్నీ నాకూ ఉన్నవే కదా’ అన్నారట. ఆయననూ పరీక్షించి, 39 ఏళ్ళ వయసులో అదే మాట చెప్పారు. హెడ్మాస్టరుగా రిటైరైన మామగారు ‘మా కాలంలో ఈ రోగాలు లేవు’ అంటారు. అత్తగారు ఇంట్లోని మగవాళ్ళందరినీ వెనకేసుకొస్తారు. భర్త మెట్రోలో బెన్నిగానహళ్ళిలో దిగడం మరచి కె.ఆర్.పురంలో తేలడం, కరెంటు బిల్లు కట్టకపోవడం మామూలే గాని, పోయిన నెల ఒక శనివారం కొడుకును అబాకస్ క్లాసు నుంచి తీసుకురావడమే మరచిపోతే, ఆ పిల్లవాడు 40 నిమిషాలు వాచ్‌మన్ పక్కన నిలబడ్డాడు. కొడుక్కి మాత్రలు వేయాలా, లేక మదనపల్లె వైపు క్రమశిక్షణ గల హాస్టలు బడిలో చేర్పించాలా అన్నది ఆమె ప్రశ్న. చివర ఇలా రాశారు: ‘మా ఇంట్లో ఇద్దరు పిల్లలండీ, ఒకరికి తొమ్మిది, ఇంకొకరికి ముప్పై తొమ్మిది. కోపం వస్తే అచ్చం మీ నాన్నలాగే తయారయ్యావని వాడిని తిట్టి, తర్వాత నేనే ఏడుస్తున్నాను.’

అమ్మా, మీరు అడిగిన రెండింటికీ జవాబులు చిన్నవి కనుక ముందు వాటిని చెప్పి పక్కన పెడతాను. మాత్రలు వేయాలో వద్దో చెప్పవలసింది పిల్లవాడిని చూసిన డాక్టరు. నేను గాని, మీ మామగారు గాని, మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు గాని కాదు. ఆయన మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు రాస్తే, అది దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదేనని, ఆకలి మందగించడం, నిద్ర ఆలస్యం కావడం తరచుగా కనిపించే ఇబ్బందులని, ఎత్తు, బరువు, రక్తపోటు, నాడి అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలని తెలుసుకుంటే ప్రస్తుతానికి చాలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు కావడం వల్లనే ఇలా అయిందన్న మీ పక్కింటివారి మాటను మాత్రం పట్టించుకోకండి. ఎన్ని భాషలు విన్నా ఏడీహెచ్‌డీ రాదు.

హాస్టలు వద్దు. 2007లో అమెరికా పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూసినప్పుడు, మిగతా పిల్లల్లో మెదడు పైపొర సుమారు ఏడున్నరేళ్ళ వయసుకు అందుకునే గరిష్ఠ మందాన్ని ఈ పిల్లల్లో పదిన్నరేళ్ళకు గాని అందుకోవడం లేదని గమనించారు. మీ వాడికి 9 ఏళ్ళు నిండినా, తన వస్తువులు తాను చూసుకోవడం, మొదలుపెట్టిన పని ముగించడం వంటి వాటిలో వాడిని ఆరేళ్ళ వాడనుకోండి. ఆరేళ్ళ వాడిని తెల్లవారుజామున స్టడీ అవరుకు లేపే చోట వదిలి బస్సెక్కి రాగలరా?

ఇక అసలు సంగతికి వస్తాను. మీ నాలుగు పేజీలలో పిల్లవాడి గురించి ఒక పేజీ కూడా నిండలేదు. తక్కినదంతా మీ భర్త గురించే. మీకు ఊపిరాడనివ్వనిది కొడుకు అల్లరి కాదని, పదమూడేళ్ళ కాపురంలో మీరిద్దరూ ఎప్పుడు భార్యాభర్తలు కావడం మానేసి తల్లీ కొడుకులుగా మారిపోయారో తెలియకపోవడమేనని నాకు తోస్తోంది.

‘అచ్చం మీ నాన్నలాగే’ అన్న మాట శాస్త్రం ప్రకారం నిజమే. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలను బట్టి, ఈ లక్షణాలలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలలో నూటికి 70 పాళ్ళకు పైగా వంశపారంపర్యమైనవే. కాని మీరు దాన్ని తిట్టుగా వాడుతున్నారు. తండ్రిని పోలి ఉండటమే నేరమైన ఇంట్లో పెరిగే మగపిల్లవాడు ఎవరిని చూసి పెద్దవాడు కావాలి? ఆ మాట వినబడే దూరంలో మీ భర్త కూడా ఉంటారు. చిన్నప్పుడు తండ్రి నోట విన్నదే ఇప్పుడు భార్య నోట వింటున్న మనిషి తన మాత్రల అట్టను లాప్‌టాప్ సంచీలో దాచుకుంటున్నారని మీరు వెటకారంగా రాశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ దాచుకోవడాన్ని కొడుకు రోజూ చూస్తున్నాడు.

ఆఫీసు పనయితే రాత్రి రెండింటిదాకా కదలకుండా చేసే మనిషికి ఇంటి పని దగ్గరే మరుపు వస్తుందా అని మీరు అడిగారు. ఈ ప్రశ్న చాలామంది ఇల్లాళ్ళు అడుగుతారు, అందులో న్యాయమూ ఉంది. అయితే ఈ సమస్య ఉన్నవారికి ధ్యాస లేకపోవడం కన్నా, దాన్ని కావలసిన చోటికి మళ్ళించుకోవడమే కష్టం. మనసు పట్టిన పనిలో మునిగితే పక్కన పిడుగు పడినా తెలియదు, పట్టని పని కళ్ళ ముందున్నా కనబడదు. వయసు పెరిగే కొద్దీ గెంతడం, పరుగులు తీయడం తగ్గిపోతాయి గాని పరధ్యానం చాలామందిలో మిగిలిపోతుంది. అందుకే పెద్దవారిలో నిర్ధారించేటప్పుడు డాక్టర్లు ఈ లక్షణాలు 12 ఏళ్ళలోపే కనిపించాయా అని తప్పక అడుగుతారు. మీ భర్తను చిన్నప్పుడు తండ్రి బెత్తం, తల్లి పిలుపు నడిపించాయి. ఎంసెట్ నాటికి గదిలో ఉన్న స్నేహితుడు లేపి కూర్చోబెట్టాడని మీరే రాశారు. ఆ తర్వాత మీరు వచ్చారు. పట్టుకున్న చేతులు మారాయి, అంతే.

మీ అత్తగారి గురించి మీరు ఫిర్యాదుగా రాసిన నాలుగు వాక్యాలను నేను రెండుసార్లు చదివాను. మామగారి కళ్ళజోడుకు తాడు కట్టి, తాళంచెవులకు గుమ్మం పక్కన మేకు కొట్టించి, ఏటా పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళేది ఆమేనట. ఉత్తరం చదివి ఆయనకూ అదే ఉందని తేల్చే సాహసం నేను చేయను. ఆ వయసులో మరుపుకు వేరే కారణాలూ ఉంటాయి, పెళ్ళయిన నాటి నుంచీ అంతేనా, కొత్తగా వచ్చిందా అన్నది డాక్టరే కనుక్కోవాలి. కాని ఆమె చేసిన చాకిరీకి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు కనుకనే ‘మా కాలంలో ఈ రోగాలు లేవు’ అని ఆయన అనగలుగుతున్నారు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు నిలకడ లేని ఇలాంటి పిల్లలను గురించి 1902లోనే ఉపన్యాసాలు ఇచ్చాడు. మీ మామగారు అప్పటికి పుట్టనైనా లేదు.

ఆ మేకు ఉపాయాన్ని అత్తగారి దగ్గర నేర్చుకోండి, ఆమె జీవితాన్ని మాత్రం తీసుకోకండి. మీరు అలసిపోయారు, అందులో అతిశయోక్తి ఏమీ లేదు. పిల్లవాడిని గేటు దగ్గర మరచిపోవడం చిన్న తప్పు కాదు, ఏడీహెచ్‌డీ అన్న పేరు చూపించి ఆయన దాని నుంచి తప్పించుకోకూడదు. మరుపు ఆయన చేతిలో లేకపోవచ్చు. మరచిపోతానని తెలిసిన మనిషి దానికి తగిన ఏర్పాటు చేసుకోవడం ఆయన చేతిలోనే ఉంది. మీరు రోజుకు పదిసార్లు గుర్తుచేస్తున్నంత కాలం ఆ ఏర్పాటు చేసుకునే అవసరం ఆయనకు రాదు, మీ గొంతులోని విసుగూ తగ్గదు.

కనుక పెద్దవాళ్ళు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని ఇంటి పనులను పంచుకోండి. ‘కొంచెం సాయం చేయండి’ అనే పంపకం వద్దు. కరెంటు బిల్లు, బడి ఫీజు, గ్యాసు ఆయనవి అంటే పూర్తిగా ఆయనవే; బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టుకుంటారో, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకుంటారో ఆయన ఇష్టం. పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళే పని కూడా ఆయనకే ఇవ్వండి, ఎందుకంటే వాడికి లోపల ఏం జరుగుతుందో ఆ ఇంట్లో చెప్పగలిగినది ఆయన ఒక్కరే. మామగారికి సర్దిచెప్పడం కొడుకుగా ఆయన బాధ్యత. కోడలిగా మీరు మధ్యలో నిలబడకండి. మాత్రల అట్ట సంచీలో నుంచి భోజనాల గదిలోకి రావాలి, పిల్లవాడి చేతికి అందనంత ఎత్తులోనే, కాని అందరికీ కనబడేలా.

మూడు నెలలుగా సరిగా నిద్ర పట్టడం లేదని మీరు ఒకే వాక్యంలో రాసి వదిలేశారు. కొడుక్కీ భర్తకూ డాక్టరును వెతికిన మీరు మీ కోసం ఒక్క ఫోనైనా చేసుకోవాలి. మానసిక ఇబ్బందులకు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలనిపిస్తే హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పేరున్న ఆస్పత్రి నిమ్హాన్స్ ఉండనే ఉంది.

వచ్చే శనివారం అబాకస్ క్లాసుకు ఆయననే పంపండి, మధ్యలో ఫోను చేయకండి. వాడు బయటికి వచ్చేసరికి గేటు దగ్గర నాన్న కనబడాలి, దానికి ఏం చేయాలో ఆయననే తేల్చుకోనివ్వండి. క్లాసు అయ్యేదాకా అక్కడే మెట్ల మీద కాచుకుని కూర్చోవడమే ఆయనకు తోచిన ఉపాయమైతే, కూర్చోనివ్వండి.